అతుకు కనపడని మాట – మూడో పాఠం: క్రియ దగ్గరే చిక్కు

మొదటి పాఠంలో మన మాటను రికార్డు చేసుకుని మనమే విన్నాం. రెండో పాఠంలో నామవాచకాల సంగతి తేల్చుకున్నాం. ఈ పాఠం క్రియల గురించి, అంటే తెలుగులో మాట్లాడుతూ మనం కలిపేసే ఇంగ్లిషు క్రియల గురించి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది కాబట్టి పాఠం కాస్త పెద్దదే. రెండు విడతలుగా చదువుకున్నా ఇబ్బంది లేదు.

ముందు కిందటిసారి ఇచ్చిన పని చూద్దాం. ఫోన్లో మీరు మాట్లాడిన మాటల్లోంచి పరాయి నామవాచకాలు ఏరి రెండు కుప్పలు పెట్టమన్నాను. తెలుగు విభక్తులూ బహువచనమూ హాయిగా అతుక్కునేవి ఒకవైపు, అతుక్కోనివి ఇంకోవైపు. బస్సు, కారు, టికెట్టు, గేటు, ఫోను మొదటి కుప్పలో పడాలి. బస్సులు, కార్లు, టికెట్లు అంటున్నాం. బస్సెక్కాం, కార్లో వచ్చాం అంటున్నాం. హల్లుతో ఆగిపోయే మాటకు చివర ఒక అచ్చు చేర్చి, కావాల్సిన చోట హల్లును ఒత్తి పలికి, తెలుగు నోరు వాటిని తనవి చేసేసుకుంది. కాగితం, జవాబు, ఖర్చు పారసీ, అరబ్బీల వైపు నుంచి వచ్చాయనీ, అల్మారా, మేస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చాయనీ మాట్లాడేటప్పుడు ఎవరికి గుర్తుంటుంది? తెలుగులో తిరుగుతున్న మిశ్రమ మాటలకూ అన్యదేశ్యాలకూ సి.పి. బ్రౌన్ 1854లోనే విడిగా ఒక నిఘంటువు తెచ్చాడు. కలగలుపు నిన్నా మొన్నా మొదలైంది కాదు.

రెండో కుప్పలో ఎక్కువమందికి పడి ఉండేవి జంట బహువచనాలు: లేడీస్‌లు, ఫ్రెండ్స్‌లు, షూస్‌లు. ఇంగ్లిషు బహువచనం మీద తెలుగు బహువచనం ఎక్కించాం. ఏదో ఒకటి తీసేస్తే చాలు. ఇక మొబైల్ అనకుండా చరవాణి అనాలా అన్న సందేహం చాలామందికి వస్తుంది. నన్నడిగితే వద్దు. కబుర్ల మధ్యలో చరవాణి అన్నారంటే ఎదుటివాళ్లు మీరు చెప్పే విషయం వదిలేసి మీ మొహం చూస్తారు. రైలును ధూమశకటం అన్నా అంతే. నామవాచకాల సంగతి ఇంతటితో వదిలేద్దాం. అవి ఎన్ని వచ్చినా తెలుగు తట్టుకుంటుంది.

క్రియ సంగతి వేరు.

పరాయి క్రియ తెలుగులోకి ఎలా వస్తుంది

సంస్కృతం నుంచి క్రియను తెచ్చుకున్నప్పుడు తెలుగు దానికి చివర 'ఇంచు' చేర్చింది: గ్రహించు, రక్షించు, ప్రయత్నించు. హిందుస్తానీ నుంచి తెచ్చుకున్నప్పుడు 'ఆయించు' చేర్చింది. దబానా దబాయించు అయింది. సతానా సతాయించు అయింది. చలానా, జమానా కూడా ఇలాగే చలాయించు, జమాయించు అయ్యాయి. ఆ ముక్క ఒక్కసారి చేరాక మాట పూర్తిగా మన చేతిలోకి వచ్చేస్తుంది. దబాయించాడు, దబాయించకు, దబాయిస్తే ఊరుకోను, ఆ దబాయింపేమిటి... ఎటు కావాలంటే అటు వంచుకోవచ్చు.

ఇంగ్లిషు క్రియకు ఇది జరగలేదు. డిసైడించాను, వెయిటించాను అని సరదాకి తప్ప ఎవరూ అనరు. అది ఒంటరిగా వాక్యంలోకి రాలేక 'చేయు', 'అవు' అనే రెండు తెలుగు క్రియల సాయం తీసుకుంటుంది: వెయిట్ చేశాను, డిసైడ్ అయ్యాను. ఏది దేనితో వెళ్లాలో ఎవరూ మనకు నేర్పలేదు, అయినా పెద్దగా తప్పు పోం. చాలావరకు మనం పూనుకుని చేసేదైతే చేయు, మనకు జరిగేదో మనసుకు తగిలేదో అయితే అవు. ట్రై చేశాను, హెల్ప్ చేశాను. షాకయ్యాను, కన్‌ఫ్యూజ్ అయ్యాను. తెలుగు మాటలకు ఉన్న పద్ధతే ఇది: పని చేశాను, ఆలస్యమైంది. మీటింగు క్యాన్సిల్ చేశారు అంటే చేసినవాళ్లు ఎవరో ఉన్నారు. క్యాన్సిలైంది అన్నామంటే ఆ ఎవరో మనకు అనవసరం, లేదా చెప్పడం ఇష్టం లేదు.

కలగలిపిన వాక్యంలో ఒక భాష చట్రం వేస్తుంది, రెండోది ఆ చట్రంలో మాటలు పెడుతుంది అని కారల్ మైయర్స్-స్కాటన్ అనే భాషావేత్త 1993లో సిద్ధాంతం చేసింది. మన వాక్యాలకు ఇది బాగా సరిపోతుంది. చట్రం తెలుగుదే. మరి బెంగ దేనికి అంటారా? చట్రం మిగిలింది గానీ అందులో అర్థం మోసే పని తెలుగు క్రియకు పోయింది. రోజంతా మాట్లాడి, మనం వాడిన తెలుగు క్రియలు లెక్కపెట్టుకుంటే చేయు, అవు, ఉండు, వెళ్లు, చెప్పు... ఇంకో నాలుగు. మిగతావన్నీ ఇంట్లోనే ఉన్నాయి, బయటికి తీయడం లేదు.

ఒక్క మాట ఎన్నింటిని మింగుతుందో చూడండి

'కట్ చేయి' తీసుకోండి. పండు కోస్తాం. కూరగాయలు తరుగుతాం. చెట్టు నరుకుతాం. గుడ్డ కత్తిరిస్తాం. పెన్సిలు చెక్కుతాం. ప్రతి మాటలోనూ కత్తి ఎలాంటిదో, చెయ్యి ఎలా కదిలిందో, ఎంత బలం పెట్టారో కనపడుతుంది. కట్ చేయి అనగానే అన్నీ ఒకటే అయిపోతాయి.

'వాష్ చేయి' కూడా అంతే. చేతులు కడుక్కుంటాం, బట్టలు ఉతుకుతాం, గిన్నెలు తోముతాం, తలంటుకుంటాం. బట్టలు కడిగాను అంటే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. బట్టలు వాష్ చేశాను అంటే ఎవరూ నవ్వరు. ఆ సుఖం కోసమే ఇంగ్లిషు మాట వైపు జారిపోతున్నామేమో అని నా అనుమానం. అన్నిటికీ ఒకటే మాట అయితే ఏరుకునే పని ఉండదు కదా.

'బ్రేక్' దగ్గర నష్టం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. గ్లాసు పగులుతుంది, కర్ర విరుగుతుంది, తాడు తెగుతుంది. గట్టిగా పెళుసుగా ఉండేది పగులుతుంది, పొడుగ్గా బిరుసుగా ఉండేది విరుగుతుంది, సాగేదీ వేలాడేదీ తెగుతుంది. అందుకే చెయ్యి విరిగింది అంటే ఎముక సంగతి, చెయ్యి తెగింది అంటే రక్తం సంగతి. ఫోన్లో ఈ రెంటిలో ఏ ముక్క చెవిన పడిందన్నదాన్ని బట్టి మనం పరిగెత్తే తీరు మారుతుంది.

వృత్తి పనుల్లో ఈ తేడాలు ఇంకా సన్నగా ఉంటాయి. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో తెచ్చారు. ఆ తర్వాత చేనేత పదాలకు ఇంకో సంపుటం వచ్చింది. ఆ మాటలన్నీ పుస్తకాల్లోంచి కాదు, ఆ పని చేసేవాళ్ల నోటి నుంచి సేకరించినవి. మీకు ఏదైనా పనికి సరైన క్రియ తట్టకపోతే నిఘంటువు కంటే ముందు ఆ పని చేసేవాళ్లను అడగండి. అడిగే తీరు ముఖ్యం. "దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడిగితే వాళ్లు కూడా బిగుసుకుపోయి ఏదో గ్రాంథికం వెతుకుతారు. "ఇప్పుడు ఏం చేస్తున్నారు?" అని అడగండి చాలు.

'మిస్' తో ఒక అభ్యాసం

కింది వాక్యాలు చదివి, ప్రతి చోటా మిస్ తీసేసి పైకి చెప్పండి. ముందు మీరు చెప్పి, తర్వాతే కింద చదవండి.

బస్ మిస్సయ్యాను.
పర్స్ మిస్సయింది.
నిన్ను చాలా మిస్సవుతున్నాను.
ఆయన చెప్పిన పాయింట్ మిస్సయ్యాను.
మంచి ఛాన్స్ మిస్ చేసుకున్నావు.
జస్ట్ మిస్, లేకపోతే యాక్సిడెంట్ అయ్యేది.

బస్సు అందలేదు, లేదా తప్పిపోయింది. పర్సు పోయింది, ఇంకా దొరుకుతుందన్న ఆశ ఉంటే కనపడటం లేదు. ఆయన చెప్పింది గమనించలేదు, లేదా నా చెవిన పడలేదు. ఈ రెంటికీ తేడా ఉంది చూడండి, మొదటిదాంట్లో తప్పు నాది, రెండోదాంట్లో కాదు. మంచి అవకాశం చేజార్చుకున్నావు, లేదా వదులుకున్నావు. ఇక్కడా తేడానే: వదులుకున్నవాడు తెలిసే వదులుకున్నాడు. చివరిదానికి 'కొద్దిలో తప్పింది'.

మూడో వాక్యం కావాలనే వెనక్కి నెట్టాను. నిన్ను మిస్సవుతున్నాను అనేదానికి నేరుగా పెట్టదగ్గ క్రియ తెలుగులో వెతికితే దొరకదు. ఎందుకంటే తెలుగువాళ్లు ఆ మాటను 'నేను' నుంచి మొదలుపెట్టరు. నువ్వు లేక తోచడం లేదు. నువ్వు లేకపోతే ఇల్లు బోసిగా ఉంది. నీ మీద బెంగగా ఉంది. ఊరికే గుర్తొస్తున్నావు. లేనిదేమిటో, దానివల్ల ఏమైందో చెబుతాం. క్రియను మార్చడానికి కూర్చుంటే వాక్యం మొత్తం తిరగేయాల్సి వచ్చింది. ఈ పాఠంలో అసలు నేర్చుకోవలసింది ఇదే. మాట తీసి మాట పెట్టడం కాదు, వాక్యాన్ని తెలుగు వైపు నుంచి మొదలుపెట్టడం.

అలా కాకుండా మాటకు మాట పెట్టామంటే ఇంకో గోతిలో పడతాం. బస్ తీసుకున్నాను అంటారు కొందరు. తెలుగు చెవికి బస్సు కొన్నట్టు వినపడుతుంది. స్నానం తీసుకున్నాను, మంచి రోజు కలిగి ఉండండి... ఇందులో ఒక్క ఇంగ్లిషు ముక్క లేదు, ఒక్క తెలుగు వాక్యమూ లేదు. మాటను అరువు తెచ్చుకోవడం ఒకటి, మాట రూపం మనదే ఉంచి లోపలి కట్టుబడి అరువు తెచ్చుకోవడం ఇంకొకటి అని ఐనార్ హౌగెన్ అనే భాషావేత్త 1950లోనే విడదీసి చూపించాడు. నాకైతే ఈ రెండో రకమే ఎక్కువ ఎబ్బెట్టు. 'బస్సులో వచ్చా, లేట్ అయింది' అనేవాడి మాట 'స్నానం తీసుకున్నా' అనేవాడి మాట కన్నా నయం.

తీసేయకూడనివి

ఫీలయ్యాడు అనే మాట మీద చాలామంది కత్తి కడతారు. నేను కట్టను. ఇంగ్లిషులో ఆ క్రియకు నొచ్చుకోవడం అని అర్థం లేదు. ఏదో ఒకటి అనిపించడమే అక్కడి అర్థం, ఏమనిపించిందో పక్కన ఇంకో మాట చెప్పాలి. మనం ఆ మాట తెచ్చుకుని, 'నేనన్నదానికి వాడు ఫీలయ్యాడు' అని మన అర్థం మనం పెట్టుకున్నాం. ఇంగ్లిషువాడికి ఈ వాక్యం వినిపిస్తే ఏమీ అర్థం కాదు. ఇంతకన్నా తెలుగైన మాట ఏముంటుంది?

అయితే అదొక్కటే వాడితే పక్కనున్నవన్నీ తుప్పు పడతాయి. నొచ్చుకున్నాడు అంటే లోపల బాధపడ్డాడు. చిన్నబుచ్చుకున్నాడు అంటే నలుగురిలో తల వంచుకున్నాడు. అలిగాడు అంటే మనం బతిమాలాలని చూస్తున్నాడు. ఉడుక్కున్నాడు అంటే మనం కావాలనే ఏడిపించాం. ఇవన్నీ తెలిసి ఫీలయ్యాడు అనండి, ఇబ్బంది లేదు. ఇవేవీ తట్టక అనకండి.

వాకింగ్‌కి వెళ్లాడు కూడా ఇలాంటిదే. నడవడం వేరు, ఒంటి కోసం నడవడం వేరు. ఆ రెండోదానికి ఈ మాట స్థిరపడింది, ఉండనివ్వండి. ఫోన్ కట్ చేశాడు అన్నదీ ఉంచొచ్చు. ఫోన్ పెట్టేశాడు అంటే మాటలు అయిపోయాయి కాబట్టి పెట్టేశాడని కూడా కావచ్చు. కట్ చేశాడు అనడంలో మధ్యలో తెంపేసిన విసురు ఉంది.

కావాలని, అందంగా కలపడం కూడా మన పక్కన పాత విద్యే. రెండు భాషలు కలిపి రాసే శైలికి మణిప్రవాళం అని పేరు. 14వ శతాబ్దంలో మలయాళ దేశంలో పుట్టిన లీలాతిలకం అనే వ్యాకరణ గ్రంథం ఆ పేరును వివరిస్తూ, మణి అంటే ఇక్కడ కెంపు, ప్రవాళం అంటే పగడం అంటుంది. రెండూ ఎరుపే, ఒకే దండలో గుచ్చితే ఏది ఎక్కడ ఆగిందో కనపడకూడదు. మన పాఠాలకు పేరు వెతుక్కుంటున్నప్పుడు నా మనసులో ఉన్నది ఇదే. తెలుగు వ్యాకర్తలు కూడా తక్కువ తినలేదు. సంస్కృత పదాన్నీ తెలుగు పదాన్నీ కుదరని చోట సమాసంగా కలిపితే వైరి సమాసం అని పేరు పెట్టి మరీ తప్పుపట్టారు. వాళ్ల గొడవ కూడా పరాయి మాట వచ్చిందని కాదు, అతుకు బాగోలేదని.

నోరు తిరగడానికి

మాట్లాడుతుండగా తెలుగు క్రియ తట్టకపోతే ఏం చేయాలి? తడుముకుంటూ ఆగిపోవద్దు. ఆగిపోతే తర్వాతిసారి భయపడి మొత్తం ఇంగ్లిషులోకే వెళ్లిపోతారు. అవసరానికి తెలుగులో ఒక గొప్ప ఏర్పాటు ఉంది: 'ఇదవడం'. వాడు కాస్త ఇదయ్యాడు, నాకు ఇదిగా ఉంది, దాన్ని కొంచెం ఇది చెయ్యి. తట్టని ఏ మాట బదులైనా వేసి ముందుకు పోవచ్చు. ఎదుటివాళ్లే చాలాసార్లు సరైన మాట అందిస్తారు. రోజుకు నాలుగైదుసార్లు మించితే మాత్రం మిమ్మల్ని వెక్కిరించే ప్రమాదముంది.

రెండో సంగతి. వెతికేటప్పుడు పెద్ద మాట కోసం చూడకండి, పొట్టి మాట కోసం చూడండి. వెయిట్ చేయండి అనేదానికి బదులు నిరీక్షించండి అనక్కర్లేదు. ఆగండి, ఉండండి, కూర్చోండి. ఛేంజయ్యాడు అంటే మారాడు. స్టాప్ చేయి అంటే ఆపు. అడ్జస్ట్ అవ్వండి అంటే సర్దుకోండి, సీటు దగ్గరైతే కాస్త జరగండి. అవన్నీ రెండు మూడు, మహా అయితే నాలుగు అక్షరాల మాటలు, చిన్నప్పుడే వచ్చినవి. పరాయి క్రియను తీసేస్తే మాట బరువెక్కుతుందని భయపడతారు గానీ నిజానికి తేలికవుతుంది.

మూడోది, ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకోండి. ఆఫీసులో అందరూ అప్‌డేట్ చేయి అంటున్న చోట మీరొక్కరే తాజాపరచు అంటే అదీ అతుకే. పక్కవాళ్లను దిద్దడం అసలే వద్దు. ఈ పాఠాలు మీ నోటికి మాత్రమే.

ఇప్పుడు కాస్త పెద్ద అభ్యాసం. ఈ ముక్కను పైకి చదివి, మీకు నచ్చినట్టు తిరగ చెప్పండి.

"నిన్న ఆఫీస్ నుంచి స్టార్ట్ అయ్యేసరికే లేట్ అయింది. బస్ మిస్సయ్యాను. నెక్స్ట్ బస్ కోసం చాలాసేపు వెయిట్ చేశాను. ఆ టైంలో ఫ్రెండ్ కాల్ చేస్తే లిఫ్ట్ చేయలేదు, వాడు ఫీలయ్యాడు. ఫైనల్‌గా ఆటోలో ఎలాగో మేనేజ్ చేసి ఇల్లు రీచ్ అయ్యాను."

నేను చెప్పాల్సి వస్తే ఇలా చెబుతాను: "నిన్న ఆఫీసులో బయల్దేరేసరికే లేటయింది. బస్సు అందలేదు. తర్వాతి బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను. ఆ టైంలో ఫ్రెండు ఫోన్ చేస్తే ఎత్తలేదని వాడు నొచ్చుకున్నాడు. చివరికి ఎలాగో ఆటోలో ఇల్లు చేరాను."

ఆఫీసు, బస్సు, టైము, ఫ్రెండు, ఆటో అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. లేటయింది కూడా ఉంచాను, ఆలస్యమైంది అంటే ఈ కబురుకు కొంచెం ఇస్త్రీ మాటలా ఉంటుందని. వెయిట్ చేయడం నిలబడటం అయింది, ఎందుకంటే బస్సు కోసం మనం చేసేది అదే. కూర్చుని ఉంటే కూర్చున్నాను అనండి. మేనేజ్ చేసి అనే మాట మాయమైంది, దాని పనంతా 'ఎలాగో' అప్పటికే చేస్తోంది. మీ జవాబు దీనిలా లేకపోతే తప్పని కాదు. ఫోన్ ఎత్తలేదు బదులు తీయలేదు అనే ప్రాంతాలున్నాయి. మీ ఇంట్లో ఎలా అంటే అలాగే ఉంచండి.

ఈ వారం పని: రోజుకు ఒక్క పరాయి క్రియ చొప్పున తీసుకుని, ఆ రోజంతా దాన్ని మాత్రమే మానేయండి. మిగతావాటి జోలికి పోవద్దు. మొదటి రోజు వెయిట్, రెండో రోజు స్టార్ట్, మూడో రోజు మేనేజ్, ఆ తర్వాతివి మొదటి పాఠంలో రికార్డు చేసుకున్న మాటల్లోంచి మీరే ఏరుకోండి. దాని బదులు ఎక్కడ ఏ తెలుగు మాట వచ్చిందో రాత్రికి రాసి పెట్టుకోండి. ఒకే మాట ప్రతి చోటా వచ్చిందంటే అనుమానించండి, ఎక్కడో మాటకు మాట పెట్టారన్నమాట.

వచ్చే పాఠంలో సో, బట్, బికాజ్, ఆక్చువల్‌గా. వాటితో పాటు 'బట్ కానీ', 'ఈవెన్ కూడా', 'రిటర్న్ తిరిగొచ్చా' లాంటి జంట మాటలు కూడా చూద్దాం. ఈలోగా ఎక్కడైనా విన్నవి ఉంటే నోట్సులో చివరి పేజీకి ఎక్కించుకోండి, అన్నవాళ్ల పేరు రాయకుండా.